పైకి చదువు, తమ్ముడూ

తమ్ముడూ,

నీ కవితలన్నీ చదివాను. హుద్‌హుద్ తుపాను మీద రాసినదాని దగ్గర ఆగిపోయాను. 2014 అక్టోబరు 12, మన విశాఖ జాలరిపేట, కొడుకుని పేరు పెట్టి పిలుస్తున్న తల్లి. కళ్లు చెమర్చాయి. కానీ ఆ పిలుపు ఒక్కసారే ఎందుకుంది? కొడుకు కనబడకపోతే ఏ తల్లయినా ఒక్కసారి పిలిచి ఊరుకుంటుందా? మొదట నాలుగుసార్లు ఉండేదనీ, పునరుక్తి అని ఎవరో అంటే తీసేశాననీ నువ్వే రాశావు. కోపమొచ్చింది నాకు.

పేజీ చదివేవాడు కావాలంటే వెనక్కి వెళ్లి చూసుకుంటాడు. సభలో వినేవాడికి ఆ వీలు లేదు. రెండోసారి వింటే గుర్తుపడతాడు, మూడోసారికి తనూ గొంతు కలుపుతాడు. వంగపండు ప్రసాదరావు గారు ఇక్కడి షిప్‌యార్డులో ఉద్యోగం చేసిన మనిషి. ఆయన గజ్జె కట్టి పాడితే జనం వంత పాడారంటే, పల్లవి మళ్లీ మళ్లీ వాళ్ల దగ్గరికి వచ్చింది కాబట్టే. శ్రీశ్రీ 1934లో రాసిన 'మహాప్రస్థానం' గీతం 1950లో గానీ పుస్తకంలోకి ఎక్కలేదు. ఆ పుస్తకం తెరవనివాళ్లు కూడా ఇవాళ ఆ గీతం అప్పజెబుతారు. అందులో పిలుపు ఎన్నిసార్లు తిరిగొస్తుందో చూడు.

నేను కొత్తగా రాస్తున్నప్పుడు ఒక వారపత్రిక సంపాదకుడు నా కవితలో తిరిగొచ్చే పాదాలన్నీ కొట్టేసి అచ్చువేశాడు. చోటు లేదన్నాడు. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. తర్వాత ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో ఆ పాదాలన్నీ కలిపి చదివాను. స్టీల్‌ప్లాంట్ యూనిఫాంలోనే వచ్చిన ఒకాయన, వెనక వరసలో, నాతోపాటు పెదాలు కదిపాడు. అచ్చులో పేరు చూసుకున్నప్పుడు అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

ఇప్పటి కవిసమ్మేళనాల్లో తల దించుకుని, ఫోన్లో చూసి గొణిగి దిగిపోతున్నారు. ఎదురుగా మనుషులున్నారన్న ధ్యాసే లేదు. నువ్వలా చేయకు. కంఠతా పట్టు. పొద్దున్నే బీచ్‌రోడ్డులో నడుస్తూ పైకి చదువు. ఊపిరి ఆగిన చోట పాదం విరువు. "నిర్నిద్ర తరంగ ఘోష" అని రాశావే, అది రెండుసార్లు నోటితో అని చూడు. జాలరిపేట తల్లి పక్కన ఆ మాట నిలబడుతుందా?

పుస్తకం ఎవరు వేస్తారు, ముందుమాట ఎవరిని అడగాలి అన్నావు. ఆ సంగతులు తర్వాత.

వచ్చే ఆదివారం మా ఇంటికి రా. కాగితం తేకు. మీ వదిన కూడా కూర్చుంటుంది. ఆవిడ పత్రికల్లో కవిత్వం చదవదు గానీ, చెవిన పడ్డ మంచి పద్యం మర్చిపోదు.

మీ అన్నయ్య