కాఫీ గ్రైండర్‌ను నీళ్లతో కడగవచ్చా?

గింజలను నలిపే పళ్లను కడగకూడదు. ప్లగ్గు తీసి, పొడి బ్రష్షుతో దులిపి, గుడ్డతో తుడిస్తే చాలు. పైగిన్నె విడిగా వస్తే దాన్ని మాత్రం సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టవచ్చు.

నీళ్లు తగిలితే ఉక్కు పళ్లు తుప్పు పడతాయి, మిగిలిన తడికి పొడి ముద్ద కడుతుంది. అలాగని వదిలేయడమూ తప్పే. వేయించిన గింజల్లోని నూనె పళ్ల సందుల్లో, పొడి జారే దారిలో జిగురుగా అంటుకుని, గాలి తగిలి కనరు వాసన పడుతుంది. ఎంత మంచి గింజలు పోసినా ఆ వాసన కాఫీలోకి దిగుతుంది. ఉదాహరణకు, నల్లగా వేయించిన గింజలపై నూనె మెరుస్తూ కనిపిస్తుంది; రోజూ అవి పట్టే గ్రైండర్‌ను వారానికోసారి దులపడం మేలు. లేతగా వేయించినవైతే అంత తొందర లేదు.

బియ్యం వేసి తిప్పితే శుభ్రమవుతుందన్నది అపోహ. బియ్యం వేయించిన కాఫీ గింజకన్నా గట్టిది. మోటారుపై భారం పడుతుంది, పిండి సందుల్లోనే మిగులుతుంది.