గుర్రపుడెక్క తీస్తే చాలదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక చెరువు కింద మా కాలనీ. నిరుడు చందాలేసుకుని గుర్రపుడెక్క తీయించాం. కొన్ని నెలలకే మళ్లీ కప్పేసింది, కంపు మామూలే. పైగా గట్టి వాన పడితే వీధిలో మ్యాన్‌హోళ్లు పొంగుతున్నాయి. ఏం చేయాలండీ?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు తీయించింది మొక్కనే అమ్మా, దాని తిండి ఇంకా నీళ్లలోనే ఉంది. ఇళ్ల మురుగులోని నత్రజని, భాస్వరంతో బలిసే కలుపు అది, అన్నీ కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. పీకినదాన్ని గట్టు మీదే గుట్టలు పోస్తే కుళ్లి ఆ సారమంతా మళ్లీ చెరువులోకే దిగుతుంది. కాబట్టి వానల్లేని రోజుల్లో నలుగురూ కలిసి చెరువు చుట్టూ నడవండి. ఎండాకాలంలోనూ పారే నాలా కనిపిస్తే అందులో వస్తున్నది మురుగే, ఫొటోలు తీసి, ఆ మురుగును చెరువులోకి రాకుండా మళ్లించమని వాటర్ బోర్డుకు రాసివ్వండి.

అలాగని నాలానే మూసేయమని మాత్రం అడగకండి! మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు పారితేనే కింది చెరువు నిండుతుంది, ఆ దారి మూస్తే వాననీరు ఇళ్ల మీద పడుతుంది. 2020 అక్టోబరు వరదల్లో చెరువుల కింది కాలనీలు ఎంత నరకం చూశాయో మీకు తెలుసు.

మరి మురుగంతా మళ్లిస్తే వేసవిలో చెరువు ఎండదా అంటారేమో, ఆ భయం నిజమే. బెంగళూరులో జక్కూరు చెరువు పక్కన మురుగు శుద్ధి ప్లాంటు ఉంది, మొదట రోజుకు కోటి లీటర్ల సామర్థ్యంతో కట్టారు. శుద్ధయిన నీరు జమ్ము పెరిగే మడుగు గుండా నెమ్మదిగా సాగి, మిగిలిన పోషకాలు కొంత అక్కడ వదిలేసి చెరువులో కలుస్తుంది. ఆ జమ్మును ఎప్పటికప్పుడు కోసి బయటికి తరలించాలి, లేకపోతే మడుగు వల్ల లాభం లేదు. ఫౌంటెన్లు, రంగు లైట్ల కన్నా ముందు ఇలాంటిది అడగండి.

మ్యాన్‌హోళ్ల సంగతి మాత్రం మీ చేతుల్లోనే ఉంది. చాలా ఇళ్లలో డాబా మీది వాన పైపును డ్రైనేజీలో కలిపేస్తారు, ఆ లైను వాననీటి కోసం వేసింది కాదు. 100 చదరపు మీటర్ల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, అలాంటి ఇళ్లు 40 ఉంటే 2 లక్షల లీటర్లు! ఆ పైపు విడదీసి సంపుకో, ఇంకుడు గుంతకో ఇవ్వండి, పొర్లే నీటిని వాననీటి కాలువలోకి వదలండి. ఇంకుడు గుంతలోకి బాత్రూం నీళ్లు మాత్రం రానివ్వకండి, భూగర్భజలం పాడవుతుంది.