ఖరీదైన కేజ్ కోసం పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మావారికి నడుములో ఎల్4-ఎల్5 అనే రెండు వెన్నుపూసల్ని కలిపేసే ఫ్యూజన్ ఆపరేషన్ చేయాలన్నారు. ఎస్టిమేట్‌లో రెండు రకాల కేజ్‌లు రాసిచ్చారు. ఒకటి పీక్, ఇంకోటి త్రీడీ ప్రింటెడ్ టైటానియం. రెండోది బాగా ఖరీదు. ఆ తేడా డబ్బు ఇన్సూరెన్స్‌లో రాదట. పర్సనల్ లోన్ తీసుకునైనా మంచిదే వేయిద్దామనుకుంటున్నాను. ఏమంటారు?

జవాబు: మీ టెన్షన్ అర్థమైందమ్మా. కానీ ఖరీదు ఎక్కువ కాబట్టి మంచిదే అయ్యుంటుందన్న లెక్కతో లోన్‌కి వెళ్లొద్దు.

కేజ్ అంటే డిస్క్ తీసేసిన చోట పెట్టే చిన్న బోలు ముక్క. అందులో ఎముక ముక్కలు నింపుతారు. రెండు పూసల్నీ చివరికి కలిపేది ఆ ఎముకే. అది అతుక్కునే దాకా కేజ్, స్క్రూలు, రాడ్లు కదలకుండా పట్టి ఉంచుతాయి. అందుకు నెలలు పడుతుంది, కొందరికి ఏడాది కూడా.

పీక్ ఒక రకం గట్టి ప్లాస్టిక్. ఎక్స్‌రేలో అడ్డు రాదు కాబట్టి ఎముక ఎంతవరకు అతికిందో డాక్టరుకు బాగా కనిపిస్తుంది. కాకపోతే ఎముక దాన్ని అంత తేలిగ్గా అంటిపెట్టుకోదు. టైటానియాన్ని అంటిపెట్టుకుంటుంది. పళ్ల ఇంప్లాంట్లకు దాన్ని వాడేదీ అందుకే. అయితే అది మరీ గట్టి లోహం. గట్టి ఎముక బిరుసుదనం సుమారు 12 నుంచి 20 గిగాపాస్కల్స్ అయితే, పీక్‌ది 3, 4 ఉంటుంది, టైటానియం మిశ్రమానిది 110 దాకా ఉంటుంది. ఎముక పలచబడిన వాళ్లకు కేజ్ పూసలోకి దిగబడే ప్రమాదం ఉంది. త్రీడీ ప్రింటింగ్‌లో స్పాంజిలా రంధ్రాలు పెట్టి ఆ బిరుసు తగ్గిస్తారు, ఎముక లోపలికి పెరగడానికీ చోటు దొరుకుతుంది. కాబట్టి దాని గొప్ప ఉత్త మాట కాదు.

ఇక సర్జన్‌ను సూటిగా అడగండి: "మావారి ఎముకకి ఈ తేడా వల్ల ఏం మారుతుంది?" ఎముక సాంద్రత తక్కువగా ఉందనో, ముందు చేసిన ఫ్యూజన్ అతకలేదనో కారణం చెబితే ఖర్చు పెట్టండి. ఆ కారణాన్ని లెటర్‌లో రాయించుకుని ఇన్సూరెన్స్ వాళ్లను మళ్లీ అడగండి. "రెండూ సరిపోతాయి" అంటే మాత్రం కవర్ అయ్యేదే తీసుకోండి. మావారికి తక్కువ చేశానే అని బాధపడకండి. ఆయనకు సిగరెట్ అలవాటుంటే మానిపించడం, షుగర్ ఉంటే అదుపులో పెట్టడం ఎముక అతకడానికి ఎంతో మేలు చేస్తాయి.

నాకు అసలు భయం ఈఎంఐ గురించే. ఆయన పనికి వెళ్లలేని నెలల్లోనే అది మొదలవుతుంది. చాలా కుటుంబాలు డిశ్చార్జి దాకానే లెక్క వేసుకుంటాయి. ఫిజియోథెరపీ, బెల్టు, మళ్లీ మళ్లీ స్కాన్లు, ఆగిపోయిన ఆదాయం, ఇవన్నీ ఆ తర్వాతే మీదపడతాయి. మీరు ముందు పక్కన పెట్టాల్సింది కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు.

ఎస్టిమేట్‌లో ఇంకో లైన్ కూడా చూడండి. ఎముక పెరగడానికి వేసే బీఎంపీ లాంటి పదార్థం విడిగా రాశారా, కేజ్‌లో కలిపారా? అదీ చిన్న మొత్తం కాదు.

ఇంప్లాంట్ ప్యాకెట్ మీద లాట్ నంబరు, సైజు ఉన్న స్టిక్కర్లు ఉంటాయి. వాటి కాపీ, ఇంప్లాంట్ బిల్లు డిశ్చార్జి రోజే అడిగి తీసుకోండి. క్లెయిమ్‌కి అడుగుతారు, రేపు ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయాల్సి వచ్చినా లోపల ఏముందో చూపించడానికి పనికొస్తాయి.