ముద్ద మింగితే ఛాతీలో మంట

ప్రశ్న: నాకు 38 ఏళ్లు, మాది హనుమకొండ. మొటిమలకని డాక్సీసైక్లిన్ రాసిచ్చారు. రాత్రి పనంతా అయ్యాక క్యాప్సూల్ వేసుకుని ఒక గుటక నీళ్లు తాగి పడుకునేదాన్ని. నాలుగు రోజుల నుంచి ముద్ద మింగితే ఛాతీ మధ్యలో కోసినట్టు నొప్పి, నీళ్లు తాగినా మంటే. మా అత్తమ్మ చెప్పిందని ఉప్పునీళ్లు పుక్కిలించినా తగ్గలేదు. మా ఆయన గుండెనొప్పేమోనని టెన్షన్ పడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, ఆ ‘ఒక గుటక నీళ్లు’ దగ్గర. డాక్సీసైక్లిన్ కరిగితే యాసిడ్ లాగే కాలుస్తుంది. నీళ్లు చాలక, పైగా వెంటనే పడుకోవడంతో అది పొట్టలోకి దిగకుండా అన్నవాహికకు అతుక్కుని అక్కడే పుండు చేసి ఉంటుంది. ఐరన్ మాత్రలు, ఎముకలకు వాడే అలెండ్రోనేట్ కూడా ఇలాగే చేస్తాయి. పుక్కిలించిన నీళ్లు గొంతు దాటవు, పుండేమో ఇంకా కింద, అందుకే మీ అత్తమ్మ వైద్యం పనిచేయలేదు.

ఇవాళే మందు రాసిన డాక్టర్‌కి ఫోన్ చేసి సంగతి చెప్పండి, మొటిమల మందే కదా, నాలుగు రోజులు ఆగినా కొంపలు మునగవు, ఆపమనో మార్చుకోమనో అంటారు, యాసిడ్ తగ్గించే మందు కావాలంటే రాస్తారు. నొప్పికని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రం అడిగి తెచ్చుకోవద్దు, ఉన్న పుండు ఇంకా రేగుతుంది. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతుంది.

అప్పటిదాకా జొన్నరొట్టె, సర్వపిండి, సకినాలు పక్కన పెట్టండి. పచ్చిపులుసు, టమాటా, మిరపకాయ తొక్కు కూడా వద్దు (వరంగల్‌లో ఉండి ఈ మాట వినడం కష్టమే, తెలుసు). మెత్తగా ఉడికిన అన్నంలో పెసరపప్పు, పులవని పెరుగు, రాగిజావ, అరటిపండు గుజ్జు, ఏదైనా చల్లారాక కొంచెం కొంచెంగా తినండి. వేడివేడి టీ వద్దు.

మీ ఆయన భయం కొట్టిపారేసేది కాదు. మింగినప్పుడే నొప్పి వస్తే గుండె కాకపోవచ్చు, కానీ మెట్లెక్కితే వచ్చినా, చెమటలు పట్టినా, చేయో దవడో లాగినా వెంటనే వెళ్లి ఈసీజీ తీయించుకోండి. ఉమ్మి కూడా మింగలేకపోతే, వాంతిలో రక్తం పడితే, విరేచనం తారులా నల్లగా వస్తే ఎంజీఎం కానీ దగ్గర్లో ఏ ఆసుపత్రి కానీ, ఆ రోజే వెళ్లాలి. రెండు వారాలైనా తగ్గకపోయినా, బరువు తగ్గుతున్నా ఎండోస్కోపీ (నోట్లోంచి కెమెరా గొట్టం దింపి లోపల చూసే పరీక్ష) చేయించాలి. ఇంట్లో ఎవరికైనా బీడీ, గుట్కా, మందు అలవాటు ఉండి, మొదట రొట్టె, తర్వాత అన్నం, తర్వాత నీళ్లు కూడా దిగకుండా పోతుంటే అది మాత్ర వల్ల అనుకుని కూర్చోవద్దు, ముందు క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి.

మళ్లీ క్యాప్సూల్ వేసుకోవాల్సి వస్తే అన్నం తిన్నాక, కూర్చునో నిలబడో, నిండు గ్లాసు నీళ్లతో వేసుకోండి. పాలతో వద్దు, డాక్సీసైక్లిన్ ఒంటికి సరిగా పట్టదు. క్యాప్సూల్ నీళ్లలో తేలుతుంది కాబట్టి తల వెనక్కి ఎత్తకుండా కాస్త ముందుకు వంచి మింగితే సులువుగా దిగుతుంది. ఆ తర్వాత కనీసం అరగంట పడక ఎక్కొద్దు, గిన్నెలు తోముకునే పని అప్పటికి ఉంచుకోండి.