రీడింగులు వస్తున్నా రీఅడ్మిషన్లు తగ్గకపోతే

హార్ట్ ఫెయిల్యూర్ (గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే జబ్బు) పేషెంట్లకు, ఇంట్లో చూసిన బరువు ఆసుపత్రికి చేరేలా బరువు మెషిన్లు ఇచ్చి పంపినా 30 రోజుల్లోపే తిరిగి చేరుతున్నారంటే, లోపం మెషిన్‌లోనే ఉండాలని లేదు. అలర్ట్ చూసి మందు మార్చే అధికారం ఎవరికీ లేకపోవడమే కారణం కావచ్చు.

1. బేస్‌లైన్‌గా (పోల్చి చూసుకునే మొదటి బరువుగా) ఆసుపత్రి బరువు వద్దు. ఇంటికెళ్లిన మర్నాడు పొద్దున, మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు చూసింది రాయండి.

2. 3 రోజుల్లో 2 కిలోలు మించి పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని నర్సుకు అలర్ట్.

3. చాలామంది వదిలేసేది ఇదే: నీరు తీసే మాత్ర డోసు ఎంత పెంచాలో డాక్టర్ ముందే సంతకం చేసిన షీటు నర్సు దగ్గరుండాలి. అలర్ట్ వచ్చిన రోజే పేషెంటుకు ఫోన్ వెళ్లాలి. షీటు లేకపోతే నర్సు "ఆసుపత్రికి రండి" అంటుంది, ఇంకో అడ్మిషన్ పడుతుంది. డోసు పెంచాక క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పేది), పొటాషియం రక్త పరీక్ష తప్పదు.

4. రెండు రోజులు రీడింగ్ రాకపోయినా అలర్టే.

ఖర్చు మాటంటారా, మెషిన్లు ఈమధ్యే అడ్మిటైనవాళ్లకే ఇవ్వండి. రిస్కు తక్కువున్నవాళ్లకు ఇస్తే బిల్లు పెరగడమే.