వైన్ సీసాను ఫ్రీజర్‌లో పెట్టకు అల్లుడూ

చిరంజీవి అల్లుడికి,

శనివారం ఆఫీసు వాళ్ళను కొండాపూర్ ఫ్లాట్‌కి పిలిచానని, వైన్ సీసాలు పొద్దున్నే ఫ్రీజర్‌లో పడేస్తే సాయంత్రానికి సరిపోతుందని ఫోన్లో అన్నావు. హోటల్ బార్‌లో ఏళ్ళ తరబడి పనిచేసినవాణ్ణి, ఆ మాట విని ఊరుకోలేక రాస్తున్నాను.

ఇంటి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. మామూలు వైన్ మైనస్ 5, 6 డిగ్రీలకే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. నీళ్ళు మంచయితే 9 శాతం దాకా ఉబ్బుతాయి. నిండు సీసాలో దానికి చోటేదీ? బిరడా పైకి తన్నుకొస్తుంది, లేదా గాజు పగులుతుంది. తిప్పుడు మూతైతే పైకి బాగానే కనిపిస్తుంది గానీ పట్టు వదిలేసి గాలి దూరుతుంది. షాంపేన్ లాంటి పొంగే రకాన్ని అసలు పెట్టకు. అందులో ఒత్తిడి కారు టైరులో ఉండేదానికి రెట్టింపు పైనే.

మర్చిపోయి గడ్డకట్టిందే అనుకో, ఫ్రిజ్ కింది అరలో పెట్టి మెల్లగా కరగనివ్వు. బిరడా కదలకపోతే తాగొచ్చు. కదిలితే ఒకటి రెండు రోజుల్లో కానిచ్చెయ్, లేదా మటన్ కూరలో పొయ్యి (మీ అత్తయ్యకు నేను చెప్పానని అనకు).

కరిగాక అడుగున మెరిసే పలుకులు కనిపించవచ్చు. రెడ్ వైన్‌లో అవి ఊదారంగుకు తిరుగుతాయి. గాజు ముక్కలు పడ్డాయని గొడవచేసి సీసాలు వెనక్కి పంపినవాళ్ళను ఎంతమందిని చూశానో! అవి గాజు కాదు. మన చింతపండులో పులుపుకి కారణం టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షలోనూ అదే ఉంటుంది. బాగా చల్లబడితే అది పొటాషియంతో కలిసి పలుకులుగా విడిపోతుంది. ఆరోగ్యానికేమీ చెయ్యదు. అయినా కొన్నవాళ్ళు ఇలా భయపడతారని చాలా వైనరీల వాళ్ళు సీసాల్లో నింపకముందే వైన్‌ని సున్నాకు దిగువన కొన్నాళ్ళు ఉంచి, ఆ పలుకులు తీసేస్తారు. సీసాను కాసేపు నిలబెట్టి, మెల్లగా వంచి, చివరి గుక్కెడు వదిలెయ్. సీసాకి సన్నని పగులు కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా పారబొయ్యి. అప్పుడు అవి నిజంగానే గాజు కావచ్చు.

గడ్డకట్టకపోయినా మరీ చల్లనైతే వాసన చచ్చిపోతుంది. రెడ్ వైన్‌లో వగరు ముందుకొస్తుంది, డబ్బు పెట్టి కొన్నది రుచే తెలియదు. బీరు చల్లదనం దీనికి పనికిరాదురా. వైట్ 8 నుంచి 12 డిగ్రీలు, రెడ్ 15 నుంచి 18. రెడ్ వైన్ గది వేడిలోనే ఇవ్వాలనే మాట చలి దేశాల వాళ్ళది. హైదరాబాద్ మే నెలలో ఆ మాట పట్టుకుంటే కషాయం తాగినట్టే. ఇచ్చే ముందు ఓ అరగంట, ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టు చాలు.

వైట్ వైన్‌కి బకెట్ పద్ధతి. సగం ఐస్, సగం నీళ్ళు, గుప్పెడు రాళ్ళుప్పు వేసి సీసాను మెడదాకా ముంచు. ఇరవై నిమిషాల్లో తయారు. ఒట్టి ఐస్ ముక్కలైతే మధ్యలో గాలి సందులుండి ఆలస్యమవుతుంది, నీళ్ళైతే సీసాను చుట్టూ అంటుకుంటాయి. గ్లాసులో పోశాక చల్లదనం ఎక్కువైందనిపిస్తే అరచేతుల్లో పట్టుకుని ఐదు నిమిషాలు ఆగమను.

ఐస్ మాత్రం శుక్రవారమే చెప్పిపెట్టు. ఈ ఎండల్లో శనివారం సాయంత్రం వెతికితే దొరకదు.

ఆశీస్సులతో,
మీ మామయ్య