ఒక్క సెకను కోసం లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నేనూ, మా తమ్ముడూ చాలా ఏళ్లుగా డ్రాగ్ రేసింగ్, అంటే తిన్నని ట్రాక్ మీద రెండేసి కార్ల వేగపు పోటీ, చేస్తున్నాం. మా కారు క్వార్టర్ మైలును 12 సెకన్లలో దాటుతుంది. ఈమధ్య నాకు ఓవర్‌టైమ్ ఆగిపోయింది. మరోపక్క పెట్రోలు, టైర్లు, ఎంట్రీ ఫీజు అన్నీ పెరిగాయి. క్రెడిట్ కార్డు బాకీ కూడా ఉంది. పర్సనల్ లోన్ తీసుకుని పెద్ద ఇంజన్ వేస్తే 11 సెకన్లకు దిగుతామని, ప్రైజ్ మనీతో కిస్తీలు కట్టేయొచ్చని తమ్ముడు అంటున్నాడు. లోన్ తీసుకోవాలా, కారు అమ్మేయాలా?

జవాబు: లోన్ వద్దు. కారును ఇప్పుడే అమ్మాల్సిన అవసరమూ లేదు. ఇష్టంగా చేసే పనిని మానేయమని ఊరికే చెప్పడం నాకు నచ్చదు. మీ ఇంటిని ఇబ్బందిలోకి నెడుతున్నది రేసింగ్ కాదు, ఆ ఒక్క సెకను మీద ఆశ.

ముందు ఆ సెకను లెక్క చూద్దాం. బరువు మారకుండా టైమ్ తగ్గాలంటే ఇంజన్ పవర్ దాదాపు ఘనం లెక్కన పెరగాలి. 12ను 11తో భాగించి, వచ్చినదాన్ని ఘనం చేస్తే దాదాపు 1.3. అంటే 12 నుంచి 11కి రావాలంటే సుమారు 30 శాతం ఎక్కువ పవర్ కావాలి. ఆ పవర్‌ను పాత గేర్‌బాక్స్, ఇంజన్ పవర్‌ను గేర్‌బాక్స్‌కి అందించే పాత టార్క్ కన్వర్టర్, పాత వెనక యాక్సిల్ ఎన్నాళ్లు తట్టుకుంటాయి? ఒకదాని తర్వాత ఒకటి మార్చాల్సి వస్తుంది. పైగా అమెరికాలో డ్రాగ్ రేసులు నిర్వహించే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ నిబంధనల ప్రకారం, కొన్ని కొత్త కార్లకు ఇచ్చిన మినహాయింపులు పక్కనపెడితే, 11.49 సెకన్లు లేదా అంతకంటే వేగంగా వెళ్లే కారుకు రోల్ బార్, అంటే కారు బోల్తాపడితే డ్రైవర్‌ను కాపాడే ఉక్కు కమ్మీ, ఉండాలి. 9.99కి దిగితే డ్రైవర్‌కి రేసింగ్ లైసెన్సు, కారు చట్రానికి (ఛాసిస్) సర్టిఫికేషన్ కూడా. మీ తమ్ముడి అంచనాలో ఇంజన్ ధర ఒక్కటే ఉండి ఉంటుంది. దాని వెనక వచ్చే ఖర్చు దానికంటే పెద్దది కావచ్చు.

ఇక ప్రైజ్ మనీ. 64 కార్లున్న పోటీలో ఫస్ట్ రావాలంటే వరసగా 6 రౌండ్లు గెలవాలి. ప్రతి రౌండులో మీరు గెలిచే అవకాశం 60 శాతం అనుకుందాం, అది చాలా మంచి డ్రైవర్ స్థాయి. అయినా ఆరూ గెలిచే అవకాశం 5 శాతం కూడా ఉండదు. కిస్తీ మాత్రం నెలనెలా తప్పకుండా వస్తుంది. ప్రైజ్ మనీని ఆదాయంగా రాసుకోవద్దు. వస్తే నేరుగా కార్డు బాకీకి కట్టేయండి.

గెలవాలన్న కోరిక తప్పు కాదు, దానికి ఇంజనే కొనక్కర్లేదు. బ్రాకెట్ రేసింగ్‌లో మీ కారు ఎంత టైమ్‌లో వెళ్తుందో మీరే ముందు చెబుతారు, అదే డయల్-ఇన్. రెండు కార్ల డయల్-ఇన్‌ల తేడాను బట్టి నెమ్మది కారుకు ముందుగా గ్రీన్ లైట్ పడుతుంది. చెప్పిన టైమ్ కంటే వేగంగా వెళ్లినా మామూలుగా ఓడిపోయినట్టే. అందువల్ల 12 సెకన్ల కారు 10 సెకన్ల కారును ఓడించగలదు. అక్కడ పనికొచ్చేవి రియాక్షన్ టైమ్ (గ్రీన్ లైట్ పడగానే ఎంత త్వరగా కదిలారన్నది), ప్రతి రన్ ఒకేలా వెళ్లడం. ఈ రెండూ సాధనతో వస్తాయి. అవకాశం ఉంటే క్వార్టర్ మైలు బదులు అందులో సగమైన 660 అడుగుల రేసులు ఎంచుకోండి, ఇంజన్ మీద భారం తగ్గుతుంది.

ఇప్పుడు మీ ఖర్చులు రాయండి. కారు కదలకపోయినా అయ్యేవి ఒకపక్క, ప్రతి రన్‌కీ అయ్యేవి మరోపక్క. ఇంజన్ విప్పి బాగుచేయించే ఖర్చు ఎక్కువమంది ఎక్కడా రాయరు. పోయినసారి ఎంతయింది, ఆ తర్వాత ఎన్ని రన్లు వేశారు అని భాగించి, ప్రతి రన్‌కీ అంత పక్కన పెట్టండి. ఇలా రాస్తే ట్రాక్ మీద కంటే ట్రాక్‌కి వెళ్లి రావడానికే ఎక్కువ పోతోందని తేలొచ్చు. ట్రైలర్ లాగే డీజిల్, రాత్రి బస, భోజనాలు చిన్నవి కావు. అలా తేలితే దూరపు రేసులు ఈ ఏడాదికి వదిలేయండి.

సేఫ్టీ సామానులో మాత్రం పైసా తగ్గించవద్దు. సీటు బెల్టులు సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి, ఆ డబ్బు ఇప్పటినుంచే పోగు చేయండి. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ కొనవద్దు, దానికి ఎప్పుడు దెబ్బ తగిలిందో బయటికి కనిపించదు. ట్రాక్ ఫీజు మిగులుతుందని రోడ్డు మీద రేసు పెట్టుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. అలాగే మామూలు కారు పాలసీలు రేసులో జరిగిన నష్టాన్ని చాలావరకు కవర్ చేయవు. మీ జీవిత బీమా, ప్రమాద బీమా పత్రాల్లో రేసింగ్ గురించి ఏముందో ఈ వారమే చదవండి.

జీతంలో ముందు కార్డు బాకీ తీరాలి. తర్వాత ఆరు నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండాలి, ఓవర్‌టైమ్ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు కదా. ఈలోగా రేసింగ్‌కి సున్నా పెట్టమనను. పూర్తిగా ఆపేసినవాళ్లు సీజన్ మొదలవగానే టెన్షన్‌తో మళ్లీ కార్డు గీకడం నేను చూశాను. ఇంట్లో అందరూ ఒప్పుకున్న చిన్న మొత్తాన్ని నెలనెలా వేరే ఖాతాలో వేయండి. ఖాతా ఖాళీ అయితే ఆ నెల రేసు లేదు. తమ్ముడు కూడా సగం వేయాలి. కారులో ఎవరి వాటా ఎంతో కాగితం మీద రాసుకోండి.

షెడ్డులో పడి ఉన్న అదనపు పార్టులు మాత్రం ఇప్పుడే అమ్మండి. కష్టకాలంలో అమ్మేవాళ్లు ఎక్కువవుతారు, ఆలస్యమయ్యేకొద్దీ ధర పడిపోవచ్చు. సీజన్ అయ్యాక కూడా కార్డు బాకీ తగ్గకపోతే అప్పుడు కారు సంగతి చూద్దాం. ఆ పరిస్థితి వస్తే ఇంజన్, గేర్‌బాక్స్, చక్రాలు విడివిడిగా అమ్మితే ఎంతొస్తుందో కూడా కనుక్కోండి. రేసు కారును మొత్తంగా అమ్మితే దానిలో పెట్టిన డబ్బు తిరిగి రావడం అరుదు.